పచ్చ లైటు వెలిగింది.. మాట మాత్రం రాలేదు

హైదరాబాద్ పడమటి శివారులో ఓ పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. ఆదివారం పొద్దున. మంటలు చెలరేగితే ఎవరేం చేయాలో నేర్పే మాక్ డ్రిల్ జరుగుతోంది. క్లబ్‌హౌస్ ముందు నిలబడిన అసోసియేషన్ కార్యదర్శి చేతిలో కొత్త వాకీటాకీ. బొత్తాం నొక్కి, "బేస్‌మెంట్ టూ.. బేస్‌మెంట్ టూ.. ఫైర్ పంపు ఆన్ చెయ్యండి, ఓవర్" అన్నారాయన. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి గొంతు పెంచారు. చుట్టూ మూగిన పిల్లలూ పెద్దలూ ఆయన చేతిలోని సెట్టు వైపే చూస్తున్నారు.

సూపర్‌వైజర్ పరుగున కిందికి దిగాడు. పంపు గది తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న గార్డు ఉలిక్కిపడి లేచాడు.

"ఏంది పెద్దాయనా, గంతసేపు పిలుస్తుంటే పలకవేంది?"

"లైటయితే ఎలిగింది సార్. మూడుసార్లు ఎలిగింది. మాట రాలే. నన్నే పిలుస్తున్రని నాకెట్ల ఎరుక?"

గార్డు చెప్పింది అక్షరాలా నిజం. నడుముకున్న సెట్టు మీద పచ్చ లైటు మూడుసార్లు వెలిగి ఆరింది. సిగ్నల్ బేస్‌మెంట్ దాకా చక్కగా వచ్చింది. స్పీకర్ బాగుంది, బ్యాటరీ నిండుగా ఉంది. అయినా ఒక్క మాట బయటికి రాలేదు. బ్యాటరీలు మార్చి చూశారు, యాంటెనాలు బిగించి చూశారు, రెండు సెట్లనూ పార్కులోకి తెచ్చి ఎదురెదురుగా పెట్టి చూశారు. అదే లైటు, అదే మౌనం.

మధ్యాహ్నానికి టెక్నీషియన్ వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి, గార్డు సెట్టు పక్కన ఉన్న రబ్బరు మూత లేపి, కేబుల్ చివరి రెండు పిన్నుల ప్లగ్గును 'టక్' అనేదాకా బొటనవేలితో నొక్కాడు. తెర మీద గీత మెల్లగా నిండింది. ఒక వరుస దగ్గర వేలు ఆపాడు. "ఇదిగో సార్. కొత్త సెట్లు పదో నంబర్ గ్రూపులో మాట్లాడుతున్నాయి. పాత సెట్లు ఒకటో నంబరే వింటాయి. వినే లిస్టులో పది లేదు." నంబరు చేర్చాడు, ప్రోగ్రామ్ తిరిగి సెట్టులోకి ఎక్కించాడు. కార్యదర్శి గొంతు ఖంగుమంది.

పాడైన వస్తువేదీ లేదు. రెండు సెట్లూ నిక్షేపంగా ఉన్నాయి. వాటి మధ్య ఒప్పందం కుదరలేదంతే. డ్రిల్ కాబట్టి సరిపోయింది.

ఎందుకిప్పుడీ మాట?

వాకీటాకీ ఒకప్పుడు పోలీసుల చేతిలోనో రైల్వే గార్డు చేతిలోనో కనిపించేది. ఇవాళ అపార్ట్‌మెంటు గేటు దగ్గర, ఫంక్షన్ హాల్లో, సినిమా షూటింగులో, ఫ్లైఓవర్ కట్టే చోట, ఆసుపత్రి పార్కింగులో ఎక్కడ చూసినా అదే. ఆన్‌లైన్‌లో నొక్కితే ఇంటికి వచ్చేస్తోంది. ఈ అమ్మకాలు ఎంత విచ్చలవిడిగా సాగాయంటే, 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ రంగంలోకి దిగాల్సి వచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో చెప్పకుండా, లైసెన్సు కావాలో వద్దో రాయకుండా వాకీటాకీలను అమ్ముతున్నారంటూ ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది. ఆ నెలాఖరుకే మార్గదర్శకాలూ తెచ్చింది.

చట్టం సంగతి అలా ఒక దారికి వస్తోంది. కొన్న సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడతాయా లేదా అన్నది మాత్రం కొన్నవాళ్ల నెత్తినే పడుతోంది. పాత అనలాగ్ సెట్లు మూలపడి వాటి చోట డిజిటల్ సెట్లు వస్తున్నాయి. వాటికి గుణాలెన్నో ఉన్నాయి. గొంతు స్పష్టంగా వస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, ఎవరు పిలిచారో తెర మీద కనిపిస్తుంది. వాటితోపాటే మనకు అలవాటు లేని కొత్త రకం మౌనం కూడా వచ్చిపడింది.

బాక్స్: లైసెన్సు మాటేమిటి?

*మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ మోడల్‌కు కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ నుంచి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. మిగతా ఫ్రీక్వెన్సీలలో చాలావాటిని సంస్థలు వాడుకోవాలంటే డబ్ల్యూపీసీ అనుమతి తప్పనిసరి. సరదాగానో, సేవ కోసమో, ప్రయోగాల కోసమో రేడియో వాడాలనుకునే వ్యక్తులు పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవచ్చు. పన్నెండేళ్లు నిండితే చాలు. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది కదా అని దొరికిన ఫ్రీక్వెన్సీ ఎక్కించుకోవడం నేరం. అవతలి వైపు అంబులెన్సో పోలీసో ఉండొచ్చు.*

మాటకు చిరునామా

అనలాగ్ సెట్టులో మన గొంతు అలలాగే గాల్లోకి వెళ్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న సెట్టు దాన్ని పట్టుకుంటుంది. టోన్ అనే తాళం పెట్టినా, పక్కనున్న మానిటర్ బొత్తాం నొక్కితే అంతా వినిపించేస్తుంది. దూరమైతే గరగర, పక్క చానల్ అయితే బరబర. తప్పు జరిగిందని చెవికి తెలిసిపోయేది.

డిజిటల్ పద్ధతి వేరు. మన దగ్గర ప్రైవేటు సంస్థలు ఎక్కువగా వాడేది డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో). 2005లో ఐరోపా ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ దీన్ని ఖరారు చేసింది. ఇందులో గొంతు అంకెలుగా మారి, చిన్న చిన్న ముక్కలై ప్రయాణిస్తుంది. ఒక్కో ముక్క 30 మిల్లీసెకన్లు. ఒకే ఫ్రీక్వెన్సీని రెండు వరసలుగా పంచుకుంటారు. మొదటి ముక్క ఒకరిది, తర్వాతి ముక్క మరొకరిది. అలా సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే ఒక్క రిపీటర్ మీద రెండు సంభాషణలు ఒకేసారి నడుస్తాయి. ఈ వరసలే టైమ్ స్లాట్లు.

ప్రతి మాట మీదా ఉత్తరం మీద రాసినట్టు చిరునామా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఊరి పేరైతే, 0 నుంచి 15 దాకా ఉండే కలర్ కోడ్ వీధి. స్లాట్ ఇంటి నంబరు, టాక్ గ్రూప్ ఇంట్లో మనిషి పేరు. ఇందులో ఒక్కటి తప్పినా ఉత్తరం అందదు. పైగా అందలేదన్న కబురు పంపినవాళ్లకు చాలాసార్లు రాదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

కలర్ కోడ్ తప్పితే కొంత నయం. రిపీటర్ మనల్ని గుర్తించదు, బొత్తాం నొక్కగానే 'బొంక్'మని మొరటు చప్పుడు వస్తుంది. ఏదో తేడా ఉందని అర్థమవుతుంది. స్లాట్ తప్పితే రిపీటర్ మనల్ని ఆహ్వానిస్తుంది, 'మాట్లాడు' అన్నట్టు తియ్యటి బీప్ ఇస్తుంది, మన మాటను భద్రంగా రెండో వరసలో ప్రసారం చేస్తుంది. అక్కడ వినేవాళ్లు ఉండరు. రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడేటప్పుడు గ్రూప్ నంబరు తప్పితే ఇంకా ఘోరం. పంపేవాడికి సూచన ఏమీ ఉండదు, వినాల్సినవాడికి ఓ పచ్చ లైటు మిగులుతుంది.

ఎక్కువ తప్పులు ఎక్కడంటే..

బేస్‌మెంటులో జరిగింది ఈ కోవదే. డీఎంఆర్ సెట్టులో మాట్లాడే గ్రూపు వేరు, వినే గ్రూపుల జాబితా వేరు. ఈ జాబితాను చాలా సాఫ్ట్‌వేర్లలో ఆర్ఎక్స్ గ్రూప్ లిస్ట్ అంటారు. పదో గ్రూపులో మాట్లాడేలా చానల్ పెట్టి, వినే జాబితాలో పదిని చేర్చడం మరిచిపోతే ఆ సెట్టు అరవగలదు గానీ వినలేదు. కొన్ని కంపెనీల సెట్లు మాట్లాడే గ్రూపును వాటంతటవే వింటాయి, మరికొన్ని వినవు. అందుకే ఒకే కంపెనీ సెట్లున్నంతకాలం బయటపడని లోపం, రెండో కంపెనీ సెట్టు గేటు దాటి లోపలికి రాగానే బయటపడుతుంది.

ప్రతి సెట్టుకూ ఓ ఐడీ నంబరు ఉంటుంది. ఒక సెట్టుకు రాసిన ప్రోగ్రామ్‌ను యథాతథంగా ఇరవై సెట్లకు ఎక్కిస్తే ఇరవైకీ ఒకే ఐడీ వస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ గమనించరు. ఒంటరిగా ఉన్న గార్డు కింద పడిపోయి ఎమర్జెన్సీ బొత్తాం నొక్కినప్పుడు, కంట్రోల్ రూమ్ తెర మీద కనిపించే నంబరు ఎవరిది? ఇరవై మందిలో ఎవరి కోసం పరుగెత్తాలి? రాత్రిపూట ఒక్కరే తిరిగే మనుషుల ప్రాణం ఆ చిన్న గడిలోని అంకె మీద ఆధారపడి ఉంటుంది.

రహస్య సంకేతాల గొడవ మరొకటి. 'ప్రైవసీ' అన్న పేరుతో ఉండే ఎన్‌క్రిప్షన్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా అమర్చింది. కీ నంబరు ఒకటే పెట్టినా, పద్ధతి వేరైతే అవతల వినిపించేది ముక్కలు ముక్కలైన మరమనిషి గొంతు. వేర్వేరు కంపెనీల సెట్లు కలిపి వాడే చోట ముందుగా దాన్ని తీసేసి చూడమంటారు అనుభవజ్ఞులు. డీఎంఆర్, పీ25, ఎన్ఎక్స్‌డీఎన్, టెట్రా.. ఇవి పేరుకు అన్నీ డిజిటలే అయినా ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. 'డిజిటల్' అన్న ఒక్క మాట చూసి కొన్నవాళ్ల డబ్బు ఇక్కడే వృథా అవుతోంది.

బాక్స్: సెట్టు చెప్పే గుర్తులు

*లైటు వెలిగి మాట రాకపోతే: ఫ్రీక్వెన్సీ కుదిరింది. కలర్ కోడ్, స్లాట్, వినే గ్రూపుల జాబితా చూడాలి.*

*లైటే వెలగకపోతే: ఫ్రీక్వెన్సీ తప్పయినా అయ్యుండాలి, సిగ్నల్ అయినా చేరి ఉండకూడదు.*

*మోటారు బోటు నడిచినట్టు బరబరమంటే: డిజిటల్ మాటను అనలాగ్ చానల్‌లో వింటున్నారు.*

*గొంతు మరమనిషిలా ముక్కలైతే: ఎన్‌క్రిప్షన్ తేడా, లేదంటే సిగ్నల్ బలహీనం.*

*బొత్తాం నొక్కగానే 'బొంక్' అంటే: రిపీటర్ అందలేదు, కలర్ కోడ్ తప్పింది, లేదా చానల్ ఖాళీ లేదు.*

*నలుగురికి వినిపించి ఒకరికి వినిపించకపోతే: ఆ ఒక్కరి సెట్టులోనే వెతకాలి. పంపేవారి జోలికి పోవద్దు.*

కేబుల్ దగ్గరే సగం రోజు

ప్రోగ్రామ్ సరిచేయాలంటే ముందు సెట్టు కంప్యూటరుతో మాట్లాడాలి. చాలామంది ఓపిక ఇక్కడే అయిపోతుంది. సెట్టులో ఉండే మొత్తం సెట్టింగుల ఫైలును ఈ రంగంలో కోడ్‌ప్లగ్ అంటారు. దాన్ని చదవబోతే 'కనెక్షన్ విఫలం' అంటుంది తెర. కారణం ఒక్కోసారి మరీ చిన్నది. ప్లగ్గు పూర్తిగా దిగి ఉండదు. సెట్టు ప్లాస్టిక్ అంచు అడ్డం వస్తే వెంట్రుకవాసి ఖాళీ మిగులుతుంది, అది చాలు. ఇంకోసారి కేబుల్‌లో ఉన్న యూఎస్‌బీ చిప్ నకిలీది అవుతుంది. ప్రొలిఫిక్ కంపెనీ చిప్‌కు నకళ్లు మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి. కంపెనీ కొత్త డ్రైవర్ వాటిని ఒప్పుకోదు. సాఫ్ట్‌వేర్ ఒక కామ్ పోర్టు వైపు చూస్తుంటే కేబుల్ మరో పోర్టులో కూర్చుని ఉండటం కూడా మామూలే.

సాఫ్ట్‌వేర్‌కూ సెట్టులోని ఫర్మ్‌వేర్‌కూ వయసు కుదరకపోయినా చదవదు. అన్నిటికన్నా ప్రమాదం తొందరపాటు. సెట్టులో ఏముందో చదివి, ఆ ఫైలును ఒకచోట దాచుకున్నాకే కొత్తది రాయాలి. పక్క మోడల్ ఫైలు దీనికీ సరిపోతుందిలే అని రాస్తే, కొన్ని సెట్లు మళ్లీ లేవవు.

సిగ్నల్ సమస్యా, ప్రోగ్రామ్ సమస్యా అన్నది తేల్చుకోవడానికి ఓ తేలిక పద్ధతి ఉంది. రెండు సెట్లనూ ఆరుబయట పది అడుగుల దూరంలో పెట్టి, రిపీటర్ లేని చానల్‌లో మాట్లాడి చూడాలి. అక్కడా మౌనమే అయితే తప్పు ప్రోగ్రామ్‌లో ఉంది. అక్కడ పలికి బేస్‌మెంటులో పలక్కపోతే కాంక్రీటు అడ్డుపడుతోంది. మరీ ఒకదానికొకటి ఆనించి పెడితే సిగ్నల్ ధాటికి రిసీవర్ ఉక్కిరిబిక్కిరై తప్పుడు ఫలితం ఇస్తుంది.

ఒక్క బొత్తాం: న్యూయార్క్, 2001

ఇదంతా అపార్ట్‌మెంట్ల చిల్లర తలనొప్పి అనుకునేవారికి న్యూయార్క్ అగ్నిమాపక దళం కథ చెప్పాలి. 2001 మార్చిలో ఆ దళం కొత్త డిజిటల్ సెట్లను సిబ్బందికి ఇచ్చింది. వారం తిరిగేసరికి క్వీన్స్‌లో ఓ ఇంటి బేస్‌మెంటులో చిక్కుకున్న ఫైర్‌మన్ ఇచ్చిన 'మేడే' కేక అక్కడే ఉన్న సహచరులకు వినిపించలేదని తేలింది. సెట్లన్నీ వెనక్కి తీసుకున్నారు. పాత అనలాగ్ సెట్లే మళ్లీ చేతికొచ్చాయి. సెప్టెంబరు 11న వాళ్లు వరల్డ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కింది ఆ పాత సెట్లతోనే.

ఆ జంట టవర్లలో పై అంతస్తులకు సిగ్నల్ అందదని 1993 బాంబు దాడి నాడే తెలిసింది. అందుకే ప్రత్యేకంగా ఓ రిపీటర్ పెట్టారు. అవసరమైనప్పుడు లాబీలోని డెస్క్ మీద ఆన్ చేయాలి. దానికి రెండు బొత్తాలు. ఒకటి రిపీటర్‌ను లేపుతుంది. రెండోది డెస్క్ మీది హ్యాండ్‌సెట్ నుంచి మాట్లాడనిస్తుంది. ఆ ఉదయం మొదటి బొత్తాం నొక్కారు. రెండోది ఎవరూ నొక్కలేదు. ఉత్తర టవర్ లాబీలో అధికారులు హ్యాండ్‌సెట్ పట్టుకుని పరీక్షించారు. మాట వెళ్లలేదు. రిపీటర్ పాడైందనుకుని ఆ చానల్‌నే వదిలేశారు. అది పనిచేస్తూనే ఉంది. దక్షిణ టవర్‌లో బెటాలియన్ చీఫ్ ఓరియో పామర్ అదే చానల్ మీద మాట్లాడుతూ 78వ అంతస్తు దాకా ఎక్కారు.

ఈ రిపీటర్ ఉదంతం 9/11 కమిషన్ నివేదికలో ఉంది. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. అందరి చావుకూ ఆ బొత్తామే కారణమనడం అన్యాయం. కమిషన్ కూడా అలా అనలేదు. ఒకే చానల్‌లో గొంతులన్నీ పోటెత్తాయి, కొందరి దగ్గర అసలు సెట్లే లేవు. అయినా ఆ లాబీ దృశ్యాన్ని నేను మరిచిపోలేను. బాగున్న యంత్రాన్ని పాడైందని నమ్మడానికి ఒక్క నిమిషపు మౌనం చాలింది.

హామ్‌ల దగ్గర నేర్చుకోవాల్సింది

రేడియో మౌనాన్ని ఛేదించడం తెలిసినవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో ప్రయోగాల కోసం అండమాన్ వెళ్లింది. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన వేళ ఆమె రేడియో ముందు కూర్చుని సమాచారం చేరవేశారు. ఆ సెట్లలో కలర్ కోడ్ లేదు, గ్రూప్ జాబితా లేదు. ఎక్కడి హామ్ అయినా అదే తరంగం మీదికి వస్తే వినొచ్చు, బదులివ్వొచ్చు. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఫోన్లు రోజుల తరబడి మూగబోయిన సంగతి ఉత్తరాంధ్రవాసులు మరవలేదు. అలాంటి రోజున పనికొచ్చే సెట్టులో ఎవరైనా వినగల ఒక మామూలు చానల్ ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎంత గొప్ప డిజిటల్ సెట్టు కొన్నా, అందులో అనుమతి ఉన్న అనలాగ్ చానల్ ఒకటి ఎక్కించి ఉంచుకోవాలి. ఇవాళ వస్తున్న డీఎంఆర్ సెట్లలో చాలావరకు రెండు రకాలూ పలుకుతాయి.

హామ్‌లు డిజిటల్‌కు దూరంగా ఏమీ లేరు. డీఎంఆర్ వాడే ప్రతి హామ్‌కూ ఏడంకెల ఐడీ ఉంటుంది. మనవాళ్లది 404తో మొదలవుతుంది. బ్రాండ్‌మీస్టర్ లాంటి నెట్‌వర్కుల మీద అమెరికాలో ఉన్న తెలుగు హామ్ ఇక్కడి వాళ్లతో మాట్లాడగలడు. కొత్తగా చేరినవాడి సెట్టు పలకకపోతే వీళ్ల పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చనివ్వరు. ఒకటి మార్చు, నొక్కు, విను, రాసుకో, తర్వాత రెండోది. ముందు గ్రూప్ తేడా పట్టించుకోకుండా అన్నీ వినిపించే డిజిటల్ మానిటర్‌ను ఆన్ చేయిస్తారు. అప్పుడు మాట వినిపిస్తే గొడవ వినే జాబితాలో ఉందని అక్కడే తేలిపోతుంది. నిన్నటిదాకా పలికిన సెట్టు ఇవాళ పలకకపోతే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "మధ్యలో ఏం మార్చావు?"

ఫైలు ఎవరిది?

సంస్థల దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నకు జవాబిచ్చే మనిషి ఉండడు. సెట్లు అమ్మిన డీలరు ప్రోగ్రామ్ చేసి ఇచ్చి వెళ్లిపోతాడు. ఫైలు అతని ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. దాన్ని ఇంకెవరూ చదవకుండా పాస్‌వర్డ్ పెట్టే డీలర్లూ ఉన్నారు. రెండేళ్లకు మరో కంపెనీ సెట్లు కొంటే పాతవాటి గ్రూప్ నంబరు ఎంతో, కలర్ కోడ్ ఎంతో చెప్పేవారుండరు. కొత్త డీలరు తనకు తోచిన అంకెలు ఎక్కిస్తాడు. పాత, కొత్త సెట్ల మధ్య పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది. నష్టపోయేది రాత్రి పన్నెండు గంటల డ్యూటీలో ఉన్న గార్డు, మాట పడేదీ అతనే. 'పిలిస్తే పలకడు' అని అతని మీద ఫిర్యాదు రాసేముందు అతని సెట్టును ఒకసారి చదివించడం కనీస న్యాయం.

డబ్బు చెల్లించినవాళ్లదే ఆ ఫైలు. కొనుగోలు ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోవచ్చు. ఫైలు కాపీ పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డ్ సీల్ చేసిన కవరులో, చానల్ వారీగా ఫ్రీక్వెన్సీ, కలర్ కోడ్, స్లాట్, గ్రూప్, ప్రతి సెట్టు ఐడీ, దాన్ని ఎవరికిచ్చారన్నది ఒక కాగితం మీద రాసి ఆఫీసు బీరువాలో ఉండాలి. ఎన్‌క్రిప్షన్ కీ మాత్రం ఆ కాగితం మీద వద్దు. కొత్త సెట్టు వచ్చిన రోజున పాత సెట్టుతో కలిపి, బేస్‌మెంట్ చివరి మూల నుంచి, లిఫ్టు లోపలి నుంచి, టెర్రస్ మీది నుంచి అటూ ఇటూ మాట్లాడించి చూడాలి. ఇటు నుంచి అటు వినిపిస్తే చాలదు, అటు నుంచి ఇటు కూడా వినిపించాలి. ఎమర్జెన్సీ బొత్తాం నొక్కితే కంట్రోల్ రూములో సరైన పేరు రావాలి. ఇవన్నీ తేలాకే డీలరు బిల్లు మీద సంతకం పెట్టాలి.